కంబళిచెట్టు నీడలో

ఇంగ్లండు దేశపు తూర్పుభాగమున సఫోక్ అను మండలము కలదు. ఆ మండలపు దక్షిణపు టంచున స్టౌర్ అను చిన్న నది పచ్చికబయళ్ల నడుమ మెల్లగా ప్రవహించుచుండును. ఆ నది యొడ్డున సడ్‌బరీ యను పురాతనమైన పట్టణమున్నది. పూర్వము ఈ పట్టణవాసులు ఉన్నిబట్టలు నేసి జీవించెడివారు. పదునెనిమిదవ శతాబ్దము చివరిభాగమున లండను నగరమునుండి పట్టునేత ఇచ్చటికి వచ్చి చేరినది. నేటికిని అచ్చట పట్టువస్త్రములు నేయు మగ్గములు నడచుచున్నవి.

ఈ పట్టణమున ఒక వీథిలో ఎఱ్ఱని యిటుకల ముఖభాగము గల పాత యిల్లొకటి కలదు. ఆ ముఖభాగము 1723వ సంవత్సర ప్రాంతమున కట్టబడినది. దాని వెనుకనున్న గదులు అంతకంటె మిక్కిలి ప్రాచీనములు. వీథిలో పోవువారికి ఈ యింటి తలుపును, కిటికీలును మాత్రమే కనబడును. లోపలికి పోయి వెనుకగుమ్మము దాటినచో చుట్టును గోడ గల తోట యొకటి యెదురగును. పచ్చికయు, పూలమొక్కలును గల ఆ తోటలో అందఱి చూపును ముందుగా నాకర్షించునది యొక ముదుసలి చెట్టు. దాని మ్రాను మెలికలు తిరిగి, బొడిపెలు కట్టి యుండును. కొమ్మలు బరువునకు నేలవైపు వంగి యుండును. అది కంబళిచెట్టు. దానినే మల్బరీ యనియు నందురు. దాని వయస్సు నాలుగు వందల యేండ్లకు పైబడినదని చెప్పుదురు.

బడులకు సెలవులు వచ్చినప్పుడు ఈ యింటికి పిల్లలు వత్తురు. వారు ఊరక ఆడుకొనుటకు వచ్చినవారు కారు. బొమ్మలు వేయుట నేర్చుకొనుటకు వచ్చినవారు. చిత్రకళ తెలిసిన గురువులు వారికి రంగులు కలుపుటయు, రూపములు గీయుటయు, అచ్చులు తీయుటయు నేర్పుదురు. ఈ యిల్లు గొప్ప చిత్రకారుడు పుట్టిన యిల్లు. అతని పేరు థామస్ గెయిన్స్‌బరో. ఈ యింటి తోటయు, దాని చుట్టునున్న పొలములును అతని తొలిబడి యనదగినవి. ఇచ్చట జరుగు సెలవుల శిబిరముల విలువ తెలియవలెనన్నచో ముందుగా ఆ చెట్టు కథయు, ఆ బాలుని కథయు తెలియవలెను.

చెట్టు కథ ఒక రాజు కోరికతో ప్రారంభమైనది. 1603 మొదలు 1625 వఱకు ఇంగ్లండును పాలించిన మొదటి జేమ్సు రాజు తన దేశమున పట్టుపరిశ్రమను నెలకొల్పవలెనని తలచెను. పట్టుపురుగు కంబళి యాకు తిని పెరుగును గదా! కావున 1609వ సంవత్సర ప్రాంతమున అతడు వేలకొలది కంబళిమొక్కలను తెప్పించి దేశమున నాటింపజేసెను. కాని ఆ ప్రయత్నము ఫలింపలేదు. ఆనాడు నాటినవి చాలవఱకు నల్లకంబళి చెట్లు. పట్టుపురుగునకు మిక్కిలి హితమైనది తెల్లకంబళి యాకు. అదియు గాక ఆ దేశపు చలి ఆ పురుగులకు సరిపడలేదు. రాజు కోరిన పట్టు రాలేదు. చెట్లు మాత్రము నిలిచినవి. సడ్‌బరీ తోటలోని చెట్టు ఆ కాలమునకు చెందినదని తలంతురు. రాజు కోరిన పని నెరవేర్పని ఆ చెట్టు మఱియొక విధమున సార్థకమైనది. అది వేసవిలో నీడ నిచ్చినది. వేసవి చివర పులుపును తీపియు కలిసిన నల్లని పండ్ల నిచ్చినది. తరతరముల పిల్లలకు చూచి గీయదగిన రూపము నిచ్చినది.

ఇక బాలుని కథ. జాన్ గెయిన్స్‌బరో యను వస్త్రవ్యాపారి ఈ యింట నివసించుచుండెను. పాతగదులకు ముందు ఇటుకల గోడ కట్టించినవాడు అతడే. అతనికి తొమ్మండుగురు సంతానము. వారిలో కడపటివాడు థామసు. 1727వ సంవత్సరము మే నెల 14వ తేదీన ఆ శిశువునకు జ్ఞానస్నానము జరిగెను. తల్లి పూలబొమ్మలు చిత్రించుటలో నేర్పు గలది. అన్నలలో హంఫ్రీ యనువాడు మతబోధకుడయ్యెను; క్రొత్త యంత్రములను కల్పించుటలోను అతడు పేరుపొందెను. ఇట్లు ఆ యింట పనితనమునకు కొదువ లేదు. కాని ధనమునకు కొదువ వచ్చెను. 1733లో తండ్రి వ్యాపారము దెబ్బతిని దివాలా తీసెను. అప్పటికి థామసునకు ఆరేండ్లు. బంధువుల సహాయమువలన ఆ కుటుంబము ఆ యింటనే యుండగలిగెను. తరువాత తండ్రి ఆ పట్టణమున తపాలా అధికారిగా పనిచేసెను. ఆదాయము తక్కువ, తినెడి నోళ్లు ఎక్కువ. ఇట్టి స్థితిలో కడగొట్టు కొడుకు చదువు విడిచి చెట్లవెంట తిరుగుచు బొమ్మలు గీయుట చూచిన తండ్రి మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును.

థామసు ఆ పట్టణపు పాఠశాలలో చదువుచుండెను. ఆ బడికి ప్రధానోపాధ్యాయుడు వాని మేనమామయే. బాలుడు బడిలో కూర్చున్నను వాని మనస్సు ఏటియొడ్డున నుండెడిది. ఒకనాడు బడికి పోవుటకు వానికి మనసొప్పలేదు. సెలవు కావలెనని యడిగిన తండ్రి యొప్పుకొనడు. అంతట వాడు తండ్రి చేవ్రాతను అనుకరించి, థామసునకు ఈ దినము సెలవు ఇయ్యవలసినదని ఒక చీటి వ్రాసి బడిలో చూపెను. వ్రాత అచ్చముగా తండ్రి వ్రాతవలెనే యుండుటచే మేనమామ నమ్మి సెలవిచ్చెను. బాలుడు పొలములలోనికి పోయి ఆ దినమంతయు బొమ్మలు గీసికొనుచు గడపెను.

రహస్యము ఎంతోకాలము దాగలేదు. చీటి తండ్రి కంటబడెను. ఈ బాలుడు ఏనాటికైన ఉరికంబ మెక్కునని అతడు వాపోయెనట. అది ఊరక యన్న మాట కాదు. ఆ కాలమున ఇంగ్లండులో కొన్ని విధములైన పత్రములకు కూటసంతకము చేయుట మరణశిక్షకు తగిన నేరము. థామసు వ్రాసినది సెలవుచీటియే గావచ్చును. అయినను, ఇంత చిన్నవయస్సున పరుల చేవ్రాతను ఇంత చక్కగా దొంగిలింప నేర్చినవాడు ముందు ఏమి చేయునో యని తండ్రి బెదరుట సహజమే. పిమ్మట, బడి ఎగవేసి వాడు ఏమి చేసెనని విచారింపగా, ఆ దినము గీసిన బొమ్మలు తండ్రి చేతికి వచ్చినవి. వానిని చూడగానే అతని కోపము చల్లారెను. వీడు గొప్ప ప్రతిభావంతు డగునని అతడు సంతోషించెనట.

ఆ చిత్రకారుని చరిత్రలో ఈ కథ తరతరములుగ చెప్పబడుచున్నది. దీనిలో గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఒకే చేయి ఒకే దినమున రెండు పనులు చేసినది. ఉదయము చీటిపై లేనిమాట వ్రాసినది. పగలు కాగితముపై చెట్టును ఉన్నదున్నట్లు గీసినది. తండ్రి వ్రాతలోని వంపులను పట్టుకొన్న నేర్పే కొమ్మల వంపులను పట్టుకొన్నది. నేర్పు ఒక్కటియే; దానిని వినియోగించిన దారులు రెండు. ఒక దారిని చూచి తండ్రి భయపడెను. రెండవదానిని చూచి ఆశపడెను. ఆ భయమును, ఆ ఆశయు రెండును తగినవే.

రెండవ కథ తోటకు సంబంధించినది. ఒకనాటి యుదయమున థామసు తోటలోని పందిరిలో కూర్చుండి చెట్లను చూచి గీయుచుండెను. అప్పుడు గోడమీదుగా ఒక మనుష్యుని తల కనబడెను. అతడు పియరు పండ్లతో నిండిన చెట్టువంక చూచుచుండెను. పండ్లపై ఆశయు, ఎవరైన చూతురేమో యను భయమును అతని ముఖమున పెనగులాడుచుండెను. బాలుడు కేక వేయలేదు, కదలలేదు, చప్పుడు చేయక ఆ ముఖమును కాగితముపై దింపెను. ఇంతలో ఆ మనుష్యుడు బాలుని చూచి పరుగిడెను. ఫలహారమువేళ బాలుడు ఆ బొమ్మను ఇంటివారికి చూపగా వారు ఆ ముఖమును వెంటనే గుర్తించిరి. తోటలో పండ్లు మాయమగుచుండుటకు కారణము తేలెను. పిలిచి యడిగినప్పుడు ఆ మనుష్యుడు తనకేమియు తెలియదనెను. బొమ్మను ముందుంచగనే మాఱుమాట లేక తలవంచెను.

తరువాతి కాలమున గెయిన్స్‌బరో ఆ ముఖమును ఒక చెక్కపై రంగులతో చిత్రించి, రూపు వెంబడి చెక్కను కోయించి, తాను కాపురమున్న ఇప్స్‌విచ్ పట్టణమున తన తోటగోడపై నిలిపెను. దారిని పోవువారు నిజముగా ఎవడో మనుష్యుడు గోడపై మోచేతులాన్చి నిలిచియున్నాడని భ్రమపడిరట. ఆ చెక్కబొమ్మ నేటికిని ఇప్స్‌విచ్ ప్రదర్శనశాలల సొత్తుగా భద్రముగ నున్నది. సెలవుచీటి కథలో బాలుని చేయి అబద్ధమునకు తోడ్పడినది. పియరుచెట్టు కథలో సత్యమునకు సాక్షి యైనది.

థామసునకు సుమారు పదమూడేండ్ల వయస్సున, అనగా 1740 ప్రాంతమున, తండ్రి వానిని లండనునకు పంపెను. అచ్చట ఫ్రెంచిదేశపు చిత్రకారుడు గ్రావెలో యొద్ద అతడు పని నేర్చెను. కొన్నేండ్లకు స్వస్థలమునకు తిరిగివచ్చి, 1752లో ఇప్స్‌విచ్‌కును, 1759లో బాత్ నగరమునకును, 1774లో మరల లండనునకును నివాసము మార్చెను. 1768లో స్థాపింపబడిన రాయల్ అకాడమీ యను కళాపరిషత్తునకు అతడు మొదటి సభ్యులలో నొకడు. రాజకుటుంబమువారును, ప్రభువులును తమ రూపములను అతనిచే వ్రాయించుకొనిరి. నీలిదుస్తులు ధరించిన బాలుని చిత్రము 1770 నాటిది. అది ప్రపంచప్రసిద్ధి గాంచినది. సడ్‌బరీకి సమీపమున నున్న కార్నర్డ్ అడవిని చిత్రించిన పటము 1748 నాటిది; అది లండనులోని జాతీయ చిత్రశాలలో నున్నది. తన ఊరి చెట్లను, ఇసుకబాటలను, నీటిగుంటలను అతడెన్నడును మఱవలేదనుటకు ఆ పటమే తార్కాణము.

కాని కీర్తితోపాటు అతనికి ఒక కొఱతయు కలిగినది. ముఖచిత్రములకు ధనము వచ్చెడిది. చెట్లను, పల్లెలను చూపు పటములను కొనువారు తక్కువ. అందుచే ఇష్టమైన పనిని ప్రక్కకు పెట్టి, ఏండ్ల తరబడి పరుల ముఖములను వ్రాయుచు అతడు కాలము గడపవలసివచ్చెను. ముఖములు వ్రాసి వ్రాసి విసిగితిననియు, వీణను పోలిన తన వాద్యమును తీసికొని ఏదైన చక్కని పల్లెకు నడచిపోయి, చెట్లను చిత్రించుచు శేషజీవితమును హాయిగా గడపవలెనని యున్నదనియు అతడు మిత్రునకు ఉత్తరము వ్రాసెను. చిన్ననాట దొంగచీటితో ఒక్కదినపు సెలవు సంపాదించిన బాలునకు పెద్దవాడైన పిమ్మట అడిగినను సెలవు దొరకలేదు. 1788వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అతడు మరణించెను. అమ్ముడుపోని ప్రకృతిచిత్రములు పెక్కు అతని యింటనే మిగిలిపోయినవి.

కాలక్రమమున సడ్‌బరీలోని యిల్లు పలువురి చేతులు మారెను. 1958లో దానిని కాపాడుటకు ఒక సంఘమేర్పడెను. ఆ సంఘము ఇంటిని సంపాదించి, 1961లో ప్రదర్శనశాలగా ప్రజలకు తెఱచెను. 2022వ సంవత్సరము నవంబరు నెలలో క్రొత్త చిత్రశాలాభవనముతో అది మరల ప్రారంభింపబడినది. గోడలపై గెయిన్స్‌బరో వ్రాసిన పటములున్నవి. అచ్చుచిత్రములు తీయుటకు పనిశాల యున్నది. వెనుక తోటయు, తోటలో కంబళిచెట్టును ఉన్నవి. ఒక మహాపురుషుని యింటిని వస్తువులు దాచు పెట్టెగా మాత్రమే యుంచక, పిల్లలు పనిచేసి నేర్చుకొను స్థలముగ నుంచుట అచ్చటి విశేషము.

ఇంగ్లండులో బడులకు వేసవిసెలవులు జూలై చివరిదినములలో ప్రారంభమై సుమారు ఆరువారము లుండును. క్రిస్మసునకును, ఈస్టరు పండుగకును రెండేసి వారముల సెలవులుండును. ఇవి గాక ప్రతి విద్యాకాలమునకు నడుమ ఒక వారము విశ్రాంతి యిత్తురు. ఇట్టి సెలవులలోనే పిల్లల చిత్రకళాశిబిరములు జరుగును. ఆ దేశమున ఇట్టి పాత యిండ్లును, తోటలును గల పెక్కుచోట్ల ఈ యాచారము కలదు. శిబిరము కొన్ని గంటలు మాత్రముండును. పరీక్షలు లేవు, మార్కులు లేవు. బట్టలకు రంగు అంటకుండ పాత చొక్కా యొకటి పైన తొడిగికొందురు. వాన లేని దినమున తోటలో పని; వాన వచ్చినచో లోపల బల్లలయొద్ద పని.

ఇట్టి శిక్షణలో మొదటి పాఠము గీయుట కాదు, చూచుట. కంబళి యాకును చేతికిచ్చి గీయుమన్నచో పిల్లవాడు సాధారణముగ ఆకును చూడడు. తన మనస్సులో ముందే యున్న ఆకుబొమ్మను గీయును. రెండు వంపుగీతలు, నడుమ నొక ఈనె. అంతటితో ఆకు ముగిసినదని తలంచును. గురువు వానిని ఆపి, కాగితమువైపు చూడక, ఆకు అంచువెంట చూపును చీమవలె నడపుచు, ఆ నడకతో సమానముగ పెన్సిలును నడపుమని చెప్పును. అట్లు గీసిన బొమ్మ వంకరటింకరగ నుండును. కాని దానిలో అంచున నున్న పండ్లు కనబడును. ఆకు మొదట హృదయాకారమున నున్న సంగతి కనబడును. ఒకే చెట్టున కొన్ని యాకులు నిండుగ నుండి, కొన్ని యాకుల యంచులు చీలియుండుననియు పిల్లవాడు అప్పుడే గ్రహించును.

రెండవ పాఠము వెలుగునీడలను గూర్చినది. ముదుసలి చెట్టు ముందు నిలిచి కన్నులు సగము మూసి చూచినచో చిన్నచిన్న వివరములు మాయమై, వెలుగుభాగములును, చీకటిభాగములును పెద్ద ముద్దలుగ కనబడును. ఆ ముద్దలను బొగ్గుకడ్డితో ముందుగ నిలిపి, పిమ్మట కొమ్మలను చేర్పవలెను. కొమ్మల నడుమ కనబడు ఆకాశపు తునకలకును రూపమున్నది. ఆ ఖాళీలను సరిగా గీసినచో కొమ్మలు వానంతట అవియే సరిగా వచ్చును. ఉన్నదానిని తెలిసికొనుటకు లేనిదానిని చూడవలసి వచ్చుట పిల్లలకు వింతగ తోచును.

గెయిన్స్‌బరో పనిచేసిన పద్ధతులు పిల్లల పనికి బాగుగ తగినవి. లండనులోను, బాత్‌లోను ఉన్నప్పుడు అతనికి అడవి దొరకలేదు. కావున బల్లపైననే అడవిని కల్పించుకొనెడివాడు. బొగ్గుముక్కలును, రాళ్లును కొండ లయ్యెడివి. నాచు పొదలయ్యెడిది. కోసుపూవును పోలిన బ్రోకలీ యను కూర దూరపు చెట్లగుంపయ్యెడిది. పగిలిన అద్దపుముక్క చెఱువయ్యెడిది. ఆ బల్లను చూచి అతడు పెద్ద పటములను వ్రాసెను. అతనికి పోటీదారుడైన రెనాల్డ్స్ అను చిత్రకారుడు, గెయిన్స్‌బరో మరణించిన పిమ్మట 1788 డిసెంబరులో చేసిన యుపన్యాసమున ఈ సంగతిని స్మరించెను. పిల్లలును వంటయింటి వస్తువులతో ఇట్టి అడవిని బల్లపై నమర్చి, దీపమును ఒక ప్రక్కనుంచి, ఏర్పడిన నీడలను గీయవచ్చును. దీనికి ధనమక్కఱలేదు.

అతని మఱికొన్ని యుపాయములు ఇంకను వినోదకరములు. అతడు కుంచెలను ఆరడుగుల పొడవు గల కఱ్ఱలకు కట్టి వ్రాసెడివాడని చూచినవారు చెప్పిరి. అట్లు చేసినచో చిత్రింపబడు మనుష్యునకును, పటమునకును సమానదూరమున నిలిచి రెంటిని పోల్చి చూడవచ్చును. సుద్దతో గీసిన గీతలు చెదరిపోకుండ, కాగితమును వెన్నతీసిన పాలలో ముంచి ఆరబెట్టెడివాడు. గాజుపలకలపై రంగులతో పల్లెలను చిత్రించి, ఒక పెట్టెలో నమర్చి, వెనుక క్రొవ్వొత్తులు వెలిగించి చూచెడివాడు. వెన్నెలయు, సాయంసంధ్యయు ఆ గాజుపై నిజముగ వెలుగుచున్నట్లుండెడివి. ఆ పెట్టె నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో నున్నది. పొడుగుకఱ్ఱకు బొగ్గు కట్టి గీయుటయు, పాలతో గీతలను నిలుపుటయు, పలుచని పలకపై బొమ్మవేసి వెనుక దీపముంచుటయు పిల్లలు చేయగల పనులే. గొప్ప చిత్రకారుడును వస్తువులతో ఆడుకొనుచు, పొరపడుచు, సరిదిద్దుకొనుచు నేర్చెనని వారికి దీనివలన తెలియును.

అచ్చు తీయుట మఱియొక పని. గెయిన్స్‌బరో రాగిరేకులపై మెత్తని పూత పూసి, దానిపై కాగితము పఱచి, పెన్సిలుతో గీసెడివాడు. ఒత్తిడికి పూత కాగితమున కంటుకొని పైకి వచ్చెడిది. పూత పోయినచోట రేకును ఆమ్లము కొఱికెడిది. ఆ గుంటలలో సిరా నింపి అచ్చు తీసెడివాడు. ఆమ్లము ప్రమాదకరము గనుక పిల్లలకు ఆ పని యియ్యరాదు. నున్నని పలకపై సిరా పూసి, పుల్లతో గీసి, పైన కాగితమొత్తి తీయుట వారికి తగిన పని. కాగితమును ఎత్తి చూడగా గీసిన బొమ్మ కుడి యెడమలు తారుమారై కనబడును. తన పేరును వ్రాసినవాడు అది అద్దములోని వ్రాతవలె వచ్చుట చూచి ఆశ్చర్యపడును. రెండవమారు వెనుకనుండి ముందుకు వ్రాయును. తప్పు అచ్చటనే కనబడును. దిద్దుకొను దారియు అచ్చటనే దొరకును.

అయినను, సెలవులలో పిల్లలను బొమ్మలకు పంపుటవలన ప్రయోజనమేమని యడుగువారు లేకపోలేదు. వారి మాటలో కొంత న్యాయమున్నది. లెక్కలును, భాషయు బ్రదుకుటకు అవసరమైనవి. చిత్రకళవలన జీవించువారు ఏ దేశమునను కొలదిమందియే. దివాలా తీసిన జాన్ గెయిన్స్‌బరో భయపడినది కూడ ఇందులకే. కొడుకు కీర్తి పొందిన పిమ్మట ఆ భయము మనకు నవ్వు పుట్టింపవచ్చును. కాని ఆనాడు అప్పులవారికి సమాధానము చెప్పుకొనవలసిన తండ్రికి అది నవ్వు కాదు. గోడదాటి పండ్లు కోసికొన్న పిల్లలందఱును, బడి ఎగవేసిన పిల్లలందఱును గెయిన్స్‌బరోలు కారు.

దీనికి సమాధానము ఆ తోటలోనే యున్నది. శిబిరమునకు వచ్చిన పిల్లలందఱును చిత్రకారులు కావలెనని ఎవరును కోరరు. కంబళిచెట్టును రాజు పట్టుకొఱకు నాటించెను. అది పట్టు నీయలేదు గనుక దానిని నఱికివేసియుండినచో నాలుగు వందల యేండ్ల నీడ పోయెడిది. అట్లే చిత్రలేఖనము జీవనోపాధి కాకపోయినను చూపునకు శిక్షణ యగును. ఆకును ఓపికతో చూచిన కన్ను రేపు రోగి ముఖమును చూచు వైద్యుని కన్ను కావచ్చును. మగ్గముపై దారమును చూచు నేతగాని కన్ను కావచ్చును. పైరుపై పడిన తెగులును చూచు రైతు కన్ను కావచ్చును. ఉన్నదానిని ఉన్నట్లు చూచి, చూచినదానిని చూచినట్లు చెప్పుట ఏ వృత్తికైనను అవసరమే. పియరుచెట్టు కథలో బాలుడు చేసిన పని యదియే.

మఱియొక మాట. థామసునకు సెలవు కావలసివచ్చినప్పుడు అబద్ధమాడవలసి వచ్చెను. బడికిని, వాని యిష్టమునకును నడుమ దారి లేదు గనుక వాడు దొంగదారి తొక్కెను. అది తప్పే. కాని దారి లేకుండుటయు ఒక లోపమే. నేడు అదే యింట, అదే చెట్టు క్రింద, పిల్లలు పెద్దల యనుమతితో, తలదాచుకొను పనిలేక, పగలంతయు బొమ్మలు గీయుచున్నారు. ఒకప్పుడు దొంగచీటి తెచ్చిన సెలవు ఇప్పుడు నిజమైన సెలవైనది. ఒక బాలుడు దొంగిలింపవలసివచ్చిన దినమును ఇప్పుడు ఆ తోట పిల్లలందఱకును బహిరంగముగ నిచ్చుచున్నది. ఆ చిత్రకారునకు కట్టదగిన స్మారకములలో ఇంతకు మించినది లేదు.

వేసవి చివర కంబళిపండ్లు పండి రాలును. వాని రసము ఎఱ్ఱని సిరావలె వ్రేళ్లకు పట్టుకొనును. కడిగినను వెంటనే పోదు. బొగ్గుమసియు, రంగులును, పండ్లరసమును అంటిన చేతులతో పిల్లలు సాయంకాలమునకు ఇండ్లకు పోవుదురు. చేతిలోని కాగితముపై నున్న చెట్టు తోటలోని చెట్టువలె నుండక పోవచ్చును. కాని మఱునాడు తమ వీథిలో ఏ చెట్టుక్రిందుగ నడచినను వారు ఒక్క క్షణము ఆగి తలయెత్తి చూతురు.

ప్రశ్నలు

1. మొదటి జేమ్సు రాజు కంబళిచెట్లను ఎందులకు నాటించెను? ఆ ప్రయత్నము ఎందుచే ఫలింపలేదు?
2. సెలవుచీటిని చూచి తండ్రి భయపడుటకు కారణమేమి? పిమ్మట అతని కోపము ఎట్లు చల్లారెను?
3. పియరుచెట్టు కథలో బాలుని బొమ్మ సత్యమునకు సాక్షి యైన విధమును వ్రాయుము.
4. గెయిన్స్‌బరో పట్టణమున నుండియు అడవిని ఎట్లు చిత్రించెను?
5. చిత్రలేఖనము జీవనోపాధి కాకపోయినను దానివలన కలుగు ప్రయోజనమేమి? నీ యనుభవమునుండి ఒక యుదాహరణ నిమ్ము.
6. నీ యింటికి సమీపముననున్న యొక చెట్టు ఆకును కాగితమువైపు చూడక గీయుము. ఇంతకుముందు నీవు గమనింపని సంగతులు మూడింటిని దాని క్రింద వ్రాయుము.